జారవిడిచే ముందు గడిచే గంటలు: విమానం మోసే వాహనాన్ని ఎంత వణికించి పరీక్షించాలి?

2025 జూలైలో మన కర్నూలు జిల్లాలోని డీఆర్‌డీఓ పరీక్షా క్షేత్రంలో యూఎల్‌పీజీఎం-వీ3 అనే చిన్న క్షిపణిని డ్రోన్ నుంచి విజయవంతంగా ప్రయోగించారు. నేను కర్నూలులో మెకానికల్ ఇంజనీరింగ్ పాఠాలు చెబుతాను. ఆ వార్త వచ్చిన మర్నాడు తరగతిలో అందరూ ఒకే సంగతి మాట్లాడారు: క్షిపణి డ్రోన్‌ను వదిలిన తర్వాత ఏం జరిగింది, లక్ష్యాన్ని ఎలా కనిపెట్టింది, ఎంత కచ్చితంగా తగిలింది. వెనక బెంచీలో కూర్చున్న అమ్మాయి ఒక్కతే వేరే ప్రశ్న వేసింది. "సార్, వదిలేవరకు అది డ్రోన్ కిందే వేలాడుతూ ఉంటుంది కదా. అంతసేపూ ఆ వణుకును తట్టుకోవాలి కదా. తట్టుకుంటుందని ముందుగా ఎలా తెలుస్తుంది?"

ఈ వ్యాసం ఆ ప్రశ్నకు జవాబు. తరగతిలో ఇచ్చిన జవాబు సగమే. మిగతా సగం చెప్పడానికి ఒక టమాటా బండి కావలసి వచ్చింది.

విమానం మోసుకెళ్లి గాల్లో వదిలే వాహనాలు చాలా రకాలు. యుద్ధ విమానం రెక్క కింద క్షిపణి ఉంటుంది. అమెరికాలో 1959 నుంచి 1968 వరకు 199 సార్లు ఎగిరిన ఎక్స్-15 రాకెట్ విమానాన్ని బీ-52 బాంబర్ తన రెక్క కింద మోసుకెళ్లి వదిలేది. ఉపగ్రహాలను మోసే పెగాసస్ రాకెట్ కూడా 1990 ఏప్రిల్‌లో మొదటిసారి బీ-52 కింద నుంచే బయలుదేరింది. మనకు ఇంకా దగ్గరి ఉదాహరణ ఉంది. అనంతపురం జిల్లా సరిహద్దు దాటగానే వచ్చే చిత్రదుర్గ జిల్లాలో, చళ్లకెరె దగ్గరి పరీక్షా కేంద్రంలో, 2023 ఏప్రిల్ 2న ఇస్రో తన రెక్కల వాహనాన్ని చినూక్ హెలికాప్టర్ కింద వేలాడదీసి నాలుగున్నర కిలోమీటర్ల ఎత్తుకు తీసుకెళ్లి వదిలింది. అది తనంతట తాను రన్‌వే మీద దిగింది. 2024లో మరో రెండుసార్లు ఇలాగే చేశారు.

వీటన్నిటిలోనూ వదిలిన తర్వాతి ప్రయాణం నిమిషాల్లో, ఒక్కోసారి సెకన్లలో ముగుస్తుంది. వదిలే ముందటి ప్రయాణం మాత్రం చాలా పెద్దది. యుద్ధ విమానం క్షిపణితో గస్తీకి వెళ్లి, వాడే అవసరం రాక, దాన్ని అలాగే మోసుకుని తిరిగొస్తుంది. మళ్లీ వెళుతుంది. అలా ఒకే క్షిపణి ఎన్నో గంటలు రెక్క కింద గడుపుతుంది. సెకనుకు 50 సార్లు ఊగే ఒక చిన్న బ్రాకెట్‌ను తీసుకోండి. గంటకు అది 1,80,000 సార్లు వంగుతుంది. లోహం ఒక్క వంపుకు విరగదు. లక్షల వంపుల తర్వాత సన్నని పగులు మొదలవుతుంది. ఇనుప తీగను చేత్తో అటూ ఇటూ వంచి తెంపిన ప్రతివారికీ ఇది తెలుసు. బ్రాకెట్ ఒక్కటే కాదు, సర్క్యూట్ బోర్డు మీది టంకం, కనెక్టర్‌లోని పిన్ను, బిగించిన మర కూడా ఈ గంటల్లోనే ఓడిపోతాయి.

ఈ వణుకు ఎక్కడి నుంచి వస్తుంది? వేగంగా వెళ్లే విమానంలో ముఖ్యంగా గాలి నుంచే. వాహనం ఒంటి మీదుగా జారిపోయే గాలి పొర ప్రశాంతంగా ఉండదు, సుడులు తిరుగుతుంది. ఆ సుడులు పైతొడుగును వేల చిన్న వేళ్లతో ఎడతెగకుండా దరువు వేసినట్టు కొడుతుంటాయి. విమానం ఒంటి మీద, పక్కన వేలాడే ఇతర సరుకు మీద చెదిరిన గాలి కూడా వచ్చి తగులుతుంది. టేకాఫ్ సమయంలో జెట్ రొద, దిగేటప్పుడు చక్రాల కుదుపు వీటికి తోడు. హెలికాప్టర్ కథ వేరు. దాని వణుకుకు లయ ఉంటుంది. చినూక్‌లో ఒక్కో రోటరుకు మూడు బ్లేడ్లు, నిమిషానికి సుమారు 225 చుట్లు. అంటే సెకనుకు 3.75 చుట్లు, బ్లేడ్లు దాటిపోయే లెక్కలో సెకనుకు 11.25 సార్లు, అంటే 11.25 హెర్ట్జ్. ఆ అంకె దగ్గర, దాని గుణిజాల దగ్గర హెలికాప్టర్ గట్టిగా ఊగుతుంది. మోసుకెళ్లే వాహనంలో ఏ భాగానికైనా సహజ పౌనఃపున్యం (తట్టి వదిలేస్తే అది తనంతట తాను సెకనుకు ఎన్నిసార్లు ఊగుతుందో ఆ అంకె) అక్కడే ఉంటే చిక్కు తప్పదు. చిన్న డ్రోన్లలో ప్రొపెల్లర్లు ఇంకా వేగంగా తిరుగుతాయి కాబట్టి ఇవే శిఖరాలు మరింత పై పౌనఃపున్యాలకు జరుగుతాయి.

అంటే "విమానం మీద కంపనం" అనే ఒకే వస్తువు ఎక్కడా లేదు. ఏ విమానం, ఏ రెక్క, ఏ వేగం, ఏ ఎత్తు, వాహనంలో ఏ మూల అన్నదాన్ని బట్టి అది మారిపోతుంది. అయినా పరీక్షాగారంలో వైబ్రేషన్ టేబుల్ (పరికరాన్ని బిగించి వణికించే బల్ల) ముందు కూర్చున్న ఇంజనీరుకు ఒకే గీత కావాలి: ఈ పౌనఃపున్యం దగ్గర ఇంత, ఆ పౌనఃపున్యం దగ్గర అంత, ఇన్ని నిమిషాలు. ఆ గీత ఎక్కడి నుంచి తేవాలన్నదే అసలు చిక్కు.

వాహనం ఇంకా ఎగరనప్పుడు గీతను ప్రమాణాల పుస్తకం నుంచి తెస్తారు. అమెరికా సైన్యపు మిల్-స్టాండర్డ్ 810, మన సైన్యంలో ఎలక్ట్రానిక్ పరికరాలకు వాడే జేఎస్ఎస్ 55555 అలాంటివి. వాటిలోని సిద్ధ గీతలు ఎన్నో రకాల సరుకుకు సరిపోయేలా గీసినవి కాబట్టి ఏ ఒక్కదానికీ అచ్చంగా సరిపోవు. చాలాసార్లు అవసరానికి మించి కఠినంగా ఉంటాయి, అప్పుడప్పుడు మన వాహనానికి ప్రత్యేకమైన ఒక శిఖరాన్ని వదిలేస్తాయి. అందుకే 810 ప్రమాణమే పదేపదే ఒక మాట చెబుతుంది: నిజమైన కొలత దొరికితే దాన్ని వాడండి, మా గీతను మీ వాహనానికి తగ్గట్టు కుట్టుకోండి.

ఆ కొలత కోసమే వాహనాన్ని వదలకుండా మోసుకెళ్లి తిరిగి తెచ్చే ప్రయాణాలు చేస్తారు. ఎక్స్-15 మొదట 1959 మార్చి 10న బీ-52 కింద అలా ఊరికే వెళ్లి వచ్చింది. వదిలింది జూన్ 8న. 1977లో ఎంటర్‌ప్రైజ్ అనే అంతరిక్ష షటిల్‌ను బోయింగ్ 747 వీపు మీద ఎక్కించి, లోపల మనుషులు లేకుండా ఐదుసార్లు, మనుషులతో మూడుసార్లు తిప్పాకే విడిగా ఎగరనిచ్చారు. మన సుఖోయ్-30 రెండున్నర టన్నుల బ్రహ్మోస్‌ను మోసుకుని మొదట ఎగిరింది 2016 జూన్‌లో. దాన్ని ప్రయోగించింది 2017 నవంబరులో. మోయడం, వదలడం రెండు వేర్వేరు పరీక్షలని ఈ తేదీలే చెబుతున్నాయి.

ఎంటర్‌ప్రైజ్ దగ్గర ఒక చిన్న విషయం చెప్పకుండా ఉండలేను. దాని వెనక మొద్దు భాగం నుంచి చెదిరే గాలి 747 తోకను కుదిపేస్తుందని దానికి సూదిలా ఒక తొడుగు తగిలించారు. విడిగా ఎగిరిన చివరి రెండు ప్రయాణాల్లో ఆ తొడుగు తీశారు. 747లో కుదుపు స్పష్టంగా పెరిగింది. మోసేది మోయబడేదాన్ని వణికిస్తుందనే అనుకుంటాం. మోయబడేది కూడా మోసేదాన్ని వణికిస్తుంది. ఈ మాట గుర్తుంచుకోండి, కొద్దిసేపట్లో మళ్లీ పనికొస్తుంది.

ఇక టమాటా బండి. పత్తికొండ టమాటా సంగతి ఈ జిల్లాలో ఎవరికీ చెప్పనక్కర్లేదు. ప్రశ్న అడిగిన ఆ అమ్మాయి, ఇంకో ఇద్దరు పిల్లలు కలిసి ఒక బొలెరో బండిలో మూడు ఫోన్లు పెట్టారు. ఒకటి డ్రైవరు జేబులో. ఒకటి వెనక ఇరుసు పైన బండి అడుగు రేకుకు టేపుతో గట్టిగా అంటించి. మూడోది అన్నిటికన్నా పై పెట్టెలో, టమాటాల మధ్య. ఫోనులోని త్వరణమాపకం సెకనుకు సుమారు 100 సార్లు కొలుస్తుంది. కాబట్టి 50 హెర్ట్జ్ దాకానే నమ్మాలి. అంతకన్నా వేగవంతమైన కంపనం ఉంటే అది వేషం మార్చుకుని తక్కువ పౌనఃపున్యంగా కనబడి మోసం చేస్తుంది. విమానాల్లో సెకనుకు వేల సార్లు కొలిచి, పై కంపనాలను ముందే వడపోసేది ఇందుకే.

ఫలితాలు చూస్తే జేబులోని ఫోను దాదాపు దేనికీ పనికిరాలేదు, మనిషి ఒళ్లే పరుపులా పనిచేసింది. అడుగు రేకు మీది ఫోను రోడ్డును చెప్పింది. పై పెట్టెలోని ఫోను అడుగు రేకుకన్నా ఎక్కువ ఊగింది, అదీ ఒక సన్నని పట్టీ దగ్గర మాత్రమే. డ్రైవరు ఈ గ్రాఫులు చూడకముందే చెప్పాడు. "పై పెట్టెలో కాయే ముందు నలుగుతుంది సార్, అది ఎప్పుడూ అంతే. అడుగు పెట్టెలో నలిగితే అది బరువుకు." ఒకదాని మీద ఒకటి పేర్చిన పెట్టెల వరుస ఒక స్ప్రింగులాంటిది. దానికి నచ్చిన పౌనఃపున్యం దొరికితే కింద కొద్దిగా ఊపినా పైన బాగా ఊగుతుంది. అనునాదం అంటే అదే.

ఈ మూడు ఫోన్లలో ఏది నిజం చెప్పింది? మూడూ నిజమే చెప్పాయి, కానీ వేర్వేరు ప్రశ్నలకు. విమాన పరీక్షలో చేసే తప్పుల్లో పెద్దవి ఇక్కడే పుడతాయి. చిటికెన వేలి కొనంత త్వరణమాపకాన్ని (యాక్సెలరోమీటర్) పలుచని రేకు మధ్యలో అతికిస్తే అది ఆ రేకు గురించే చెబుతుంది. గట్టి చట్రానికి బిగిస్తే చట్రం గురించి చెబుతుంది. దాని తీగను వదులుగా వదిలేస్తే తీగ కొట్టుకునే చప్పుడు కూడా కొలతలో కలుస్తుంది, అందుకే అంగుళం అంగుళం దగ్గర అంటించుకుంటూ పోతారు.

కొలత చేతికొచ్చాక దాన్ని వర్ణపటంగా మార్చాలి. దీనికి మన సీమ రైతు భాషే సరిపోతుంది. అనంతపురంలో ఏడాదికి సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడుతుంది. ఆ ఒక్క అంకె వేరుశనగ రైతుకు ఏం చెబుతుంది? ఏమీ చెప్పదు. ఊడలు దిగే సమయంలో పడిందా, పంట పీకాక పడిందా అన్నదే అతని బతుకు. కంపనంలోనూ మొత్తం తీవ్రతను ఒక్క అంకెలో చెప్పవచ్చు, అది ఏడాది వానలాంటిది. ఏ పౌనఃపున్యం దగ్గర ఎంత పడిందో చెప్పేది వర్ణపటం. దాని కొలమానం జీ స్క్వేర్ పర్ హెర్ట్జ్. ఇక్కడ జీ అంటే భూమ్యాకర్షణ త్వరణంతో పోల్చి చెప్పే త్వరణం; దాని వర్గాన్ని ఒక్కో హెర్ట్జ్‌కు పంచిన లెక్క ఇది. గీత కింది వైశాల్యం మొత్తం వాన.

వర్ణపటం తీసే ముందు ప్రయాణాన్ని ముక్కలు చేయాలి. టేకాఫ్ అర నిమిషం, సమతల ప్రయాణం గంట. రెండింటినీ కలిపి సగటు తీస్తే టేకాఫ్ తీవ్రత గంట మౌనంలో కరిగిపోతుంది. కాబట్టి టేకాఫ్, ఎక్కడం, గరిష్ఠ వేగం, మలుపులు, దిగడం అన్నీ విడివిడిగా చూడాలి. ప్రతి ముక్కలోనూ తగినంత నిడివి ఉండాలి. ఒక్కో హెర్ట్జ్ వివరం కావాలంటే సెకను నిడివి తునకలు తీసి సగటు చేస్తారు. అలాంటి 100 తునకలు ఉంటే అంచనాలో పొరపాటు సుమారు పది శాతం. నాలుగే ఉంటే యాభై శాతం. గరిష్ఠ వేగంలో విమానం నాలుగు సెకన్లే ఉందంటే ఆ కొలతను అంతే జాగ్రత్తగా వాడాలి.

ఎగరని వేగాల సంగతి? రేపు వాడబోయే గరిష్ఠ వేగాన్ని పరీక్షా ప్రయాణంలో అందుకోకపోతే లెక్క కట్టి పెంచుతారు. గాలి నుంచి వచ్చే కంపనం, గాలి సాంద్రతను వేగపు వర్గంతో గుణించి సగం చేస్తే వచ్చే గతిక పీడనాన్ని అనుసరిస్తుంది. వర్ణపటం విలువ దాని వర్గాన్ని అనుసరిస్తుంది. గంటకు 600 కిలోమీటర్ల దగ్గర కొలిచి, అదే ఎత్తులో 800 దగ్గర ఎంతో తెలుసుకోవాలంటే గతిక పీడనం 1.78 రెట్లు, వర్ణపటం విలువ సుమారు 3.2 రెట్లు. ఈ సూత్రం ధ్వని వేగం దగ్గర, గాలి ఒంటిని విడిచి చెదిరే చోట తడబడుతుంది. అక్కడ లెక్కను నమ్ముకోవడం కన్నా మరోసారి ఎగరడమే మంచిది. ఖర్చు గురించి వాదించే వారికి నేను ఇచ్చే సలహా ఇదే.

ఇప్పుడు అసలు చిక్కుముడి. ఒక ఊహా ఉదాహరణ తీసుకుందాం. మూడు ప్రయాణాల్లో ఒకే చోట, ఒకే పౌనఃపున్యం దగ్గర 0.01, 0.02, 0.04 వచ్చాయనుకోండి. పరీక్షకు ఏ అంకె పెట్టాలి? అన్నిటికన్నా పెద్దది 0.04 పెడదామని మొదట అనిపిస్తుంది. కానీ నాలుగో ప్రయాణం అంతకన్నా ఘోరంగా ఉండదని ఎవరు హామీ ఇస్తారు? అందుకే గణాంక పద్ధతి వాడతారు. ఈ విలువల లాగరిథమ్‌లు గంట ఆకారపు వితరణను అనుసరిస్తాయని అనుకుని, వాటి సగటుకు చెదురు విలువను (అవి సగటు చుట్టూ ఎంత చెదిరాయో చెప్పే అంకెను) ఒక గుణకంతో గుణించి కలుపుతారు. నూటికి 95 ప్రయాణాలను కప్పే హద్దు కావాలి, ఆ మాట మీద 50 శాతం నమ్మకం చాలు అనుకుంటే, మూడు కొలతలకు గుణకం 1.94. లెక్క వేస్తే 0.077 వస్తుంది. అంటే చూసిన గరిష్ఠానికి దాదాపు రెట్టింపు. సగటు, చెదురు ఇవే ఉండి పది ప్రయాణాలు చేసి ఉంటే గుణకం 1.70, హద్దు 0.065. తక్కువ కొలతలు చేసినందుకు కట్టే జరిమానా ఇది.

భయం ఎక్కువైన వారు నూటికి 99 ప్రయాణాలను కప్పాలి, 90 శాతం నమ్మకం కావాలి అంటారు. మూడు కొలతలకు ఆ గుణకం 7.34. హద్దు 3 దాటిపోతుంది, అంటే చూసిన గరిష్ఠానికి 80 రెట్లు! ఆ తీవ్రతకు ఏ పరికరమూ బతకదు. మాట వినడానికి భద్రంగా ఉంటుంది, తగినన్ని కొలతలు లేనప్పుడు ఆ భద్రతకు అర్థం ఉండదు.

ఇంతటితో అయిపోలేదు. వాహనం 16 గంటలు రెక్క కింద గడుపుతుంది, పరీక్ష టేబుల్ మీద 16 గంటలు నడపలేం, గంటలో ముగించాలి. తీవ్రత పెంచి సమయం తగ్గించే సూత్రం 810 ప్రమాణంలో ఉంది. సమయాల నిష్పత్తికి నాలుగో మూలం తీసుకోవాలి. 16కు నాలుగో మూలం 2. కాబట్టి 0.077 కాస్తా 0.154 అయింది. దాని మీద తయారీలో తేడాలకు, తెలియని వాటికి 3 డెసిబెల్‌ల వెసులుబాటు, అంటే మరో రెట్టింపు. 0.31. చూసిన గరిష్ఠం 0.04తో మొదలుపెట్టి దాదాపు ఎనిమిది రెట్ల దగ్గర తేలాం. ప్రతి మెట్టుకూ కారణం ఉంది. కానీ నలుగురు మనుషులు నాలుగు గదుల్లో కూర్చుని ఎవరి వెసులుబాటు వారు కలుపుకుంటూ పోతే, చివరి అంకె ఎక్కడి నుంచి వచ్చిందో ఎవరికీ తెలియకుండా పోతుంది. గంటల తరబడి వంగే లోహపు అలసటను తక్కువ సమయంలో పరీక్షించడం కోసం పెంచిన తీవ్రతను చూసి, ఆ క్షణంలో పనిచేయలేదని ఒక సెన్సారును తిప్పి పంపడం అన్యాయం. ఆకాశంలో అది ఎన్నడూ అంతగా ఊగదు.

ఈ మొత్తంలో నన్ను ఎక్కువగా ఆకట్టుకునేది, ఎక్కువమంది తడబడేది చివరి మెట్టు: ఆకాశపు కొలతను టేబుల్ మీదికి దించడం. పై పెట్టెలోని ఫోను కొలిచినదాన్ని తీసుకుని, బండి అడుగును అంతగా ఊపారనుకోండి. పై పెట్టె దాన్ని మళ్లీ పెంచుకుంటుంది. అనునాదాన్ని రెండుసార్లు లెక్కించినట్టయింది. వాహనం లోపలి పరికరం మీద కొలిచిన శిఖరాలను దాని పాదం దగ్గర ఇవ్వవలసిన కుదుపుగా పొరబడడం సరిగ్గా ఇదే.

దీనికి తిరగేసిన తప్పు కూడా ఉంది. పరికరం తనకు నచ్చిన పౌనఃపున్యం దగ్గర ఊగేటప్పుడు తనను మోస్తున్న చట్రాన్ని తిరిగి నెడుతుంది, ఎంటర్‌ప్రైజ్ 747 తోకను కుదిపినట్టు. అందుకని పాదం దగ్గర కొలిస్తే సరిగ్గా ఆ పౌనఃపున్యం దగ్గర వర్ణపటంలో లోయ కనబడుతుంది. విమానపు చట్రం లొంగే స్వభావం కలది కాబట్టి పరికరం మాటకు తగ్గింది. గీత గీసేటప్పుడు శిఖరాలను తాకుతూ లోయలను పూడ్చేస్తారు. పరీక్షాగారంలోని టేబుల్ మొండిది, పరికరం ఎంత నెట్టినా లొంగదు, గీత చెప్పినంతా ఊపే తీరుతుంది. అంటే పరికరం బలహీనంగా ఉండే చోటే, ఆకాశంలో దానికి దొరికిన దయ టేబుల్ మీద దొరకదు. మంచి పరికరాలు ఇలా టేబుల్ మీద విరిగి, వాటిని బలపరచడానికి బరువు పెంచి, ఆ బరువు వల్ల వాహనపు దూరం తగ్గడం ఈ రంగంలో పాత వ్యథ. టేబుల్‌కూ పరికరానికీ మధ్య బలాన్ని కొలిచే గేజీలు పెట్టి, బలం హద్దు దాటకుండా ఆ పౌనఃపున్యం దగ్గర గీతను గంటు కొట్టినట్టు తగ్గించడం దీనికి మందు. ఆ గంటు ఎంత లోతుండాలో చెప్పడానికి మళ్లీ విమాన కొలతే సాక్ష్యం. సాక్ష్యం లేకుండా గంటు పెడితే అది పరికరాన్ని దొంగదారిన గట్టెక్కించడమే అవుతుంది.

హెలికాప్టర్ కింద తాళ్లతో వేలాడే వాహనానికి ఈ లెక్కలు ఇంకో రకంగా మారతాయి. బిగించిన చోటు లేదు, తాడే దారి. రోటరు లయను తాడు చాలావరకు మింగేయవచ్చు. కానీ బ్లేడ్ల నుంచి కిందికి దూకే గాలి నేరుగా రెక్కల మీద పడుతుంది, వాహనం లోలకంలా నెమ్మదిగా ఊగుతుంది. రెక్క కింద బిగించిన క్షిపణి కోసం గీసిన గీతను దీనికి అంటగట్టడం తగదు. ఒక్కో మోసే పద్ధతికీ దాని కొలత దానికి కావాలి.

మా పిల్లలు మూడు ట్రిప్పుల కొలతలతో ఒక గీత గీసుకొచ్చారు. మా ప్రయోగశాలలో ఉన్న చిన్న షేకర్ (వణికించే యంత్రం) మీద ఒక ప్లాస్టిక్ పెట్టె, అందులో రెండు కిలోల టమాటాలు పెట్టి నడపాలని వారి ఆలోచన. గీత అందంగానే ఉంది, కానీ అది పై పెట్టె ఫోను నుంచి వచ్చినది. ఆ అమ్మాయికి చెప్పబోయేలోపే తనే గీతను కొట్టేసి, అడుగు రేకు కొలతతో మళ్లీ గీసింది. పై పెట్టె కొలతను పక్కన చుక్కల గీతగా ఉంచింది, షేకర్ మీద పేర్చిన పెట్టెలు ఆ చుక్కల దాకా ఊగుతున్నాయో లేదో సరిచూసుకోవడానికి. గీత కింద చిన్న అక్షరాలతో రాసుకుంది: మూడు ట్రిప్పులు, నిండు బరువు, వెనక ఇరుసు పైన, 50 హెర్ట్జ్ వరకు. తర్వాత పెన్ను ఆపి, "నాలుగో ట్రిప్పు ఖాళీ బండితో పోవాలి సార్, తిరిగి వచ్చేటప్పుడు ఖాళీ పెట్టెలే ఎక్కువ ఎగురుతాయని డ్రైవరన్న చెప్పాడు" అంది. వచ్చే వారం వెళుతున్నారు.